చూరు నీరు – ఊరి చెరువు

కోనసీమలో వాననీటిని దాచుకోవలెనని చెప్పబోతే వినేవారికి మొదట నవ్వు రావచ్చును. ఒక ప్రక్క గౌతమి, మరియొక ప్రక్క వశిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణమున బంగాళాఖాతము. ఊరూరా కాలువ, ఇంటింటా కొబ్బరిచెట్టు. ఆషాఢము మొదలు కార్తికము వరకు కాలు మోపిన చోటెల్లా నీరే. ఇటువంటి సీమలో నీటి పొదుపును గురించి ప్రసంగించడము గంగ ఒడ్డున నుయ్యి త్రవ్వినట్లున్నదని ఎవరైనా అనవచ్చును.

కాని అంతర్వేది ప్రాంతము నుండి గాని, అల్లవరము, ఉప్పలగుప్తము, కాట్రేనికోన మండలముల తీరగ్రామముల నుండి గాని ఈ మాటలు వింటున్నవారు నవ్వరు. వేసవిలో కాలువలు కట్టివేసిన తరువాత మంచినీటి బిందె ఎంత దూరము నుండి ఇంటికి రావలెనో వారికి తెలుసును. పెరటిలో నుయ్యి ఉన్నది, నూతిలో నీరు ఉన్నది. కాని ఆ నీటిలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, నోట పోసుకుంటే గొంతు దిగదు. నీరు సమృద్ధిగా ఉండడము వేరు, త్రాగే నీరు సమృద్ధిగా ఉండడము వేరు. కోనసీమకు మొదటిది ఎప్పుడూ ఉన్నది. రెండవది ఏటేటా సంపాదించుకోవలసినదే. ఈ విషయమునే నేడు శ్రోతలతో కలిసి కొంచెము ఆలోచించదలచినాము.

కోనసీమ త్రాగే నీరు ఎక్కడి నుండి వస్తున్నది? అధికభాగము ఒకే చోటు నుండి వస్తున్నది. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము వద్ద గోదావరిపై ఆనకట్ట కట్టించినారు. అంతకు పూర్వము ఈ డెల్టా వరదకు మునిగేది, వాన లేనప్పుడు ఎండేది. ఆనకట్టతో బొబ్బర్లంక వద్ద నుండి మధ్య డెల్టా కాలువలు బయలుదేరి కొత్తపేట, అమలాపురము ప్రాంతములను తడిపినవి. రాజోలు వైపునకు నీరు పోవలెనంటే వైనతేయ పాయ అడ్డు వచ్చినది. అందుకని 1850 దశకములో గన్నవరము వద్ద నదిమీదుగా నలభై తొమ్మిది కమానుల వంతెన కట్టి, ఆ వంతెనపై కాలువను నడిపించినారు. క్రింద నది, పైన కాలువ! శతాబ్దమునకు పైగా పనిచేసిన ఆ కట్టడము శిథిలము కాగా, దాని ప్రక్కనే క్రొత్తది నిర్మించి, ఆకలిగొన్నవారికి వేళాపాళా చూడక అన్నము పెట్టిన లంకల గన్నవరము ఇల్లాలు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినారు. ధవళేశ్వరము పాత ఆనకట్ట స్థానమున కూడా 1982 నాటికి కాటన్ పేరిట బారేజీ వెలసినది.

ఈ ఏర్పాటు గొప్పది, సందేహము లేదు. అయితే ఇందులో ఒక బలహీనత ఉన్నది. సుమారు రెండు లక్షల ఎకరాల మధ్య డెల్టా పొలము, ఆ పొలముమీద బ్రతికే ప్రజల గొంతు, రెండూ ఆ కాలువల మీదనే ఆధారపడినవి. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేస్తారు. అంతకు ముందుగా పంచాయతీలు మంచినీటి చెరువులు నింపుకోవలెను. చివరి ఊళ్ళకు నీరు అందక ముందే కాలువ కట్టివేస్తే ఆ ఊళ్ళ చెరువు సగమే నిండుతుంది. ఎగువన వానలు తగ్గిన సంవత్సరములలో దాళ్వా పంటకు నదిలో సహజముగా వచ్చే నీరు చాలదు. సీలేరు జలవిద్యుత్కేంద్రముల నుండి విడిచే నీటికోసము ఎదురుచూడవలసి వస్తుంది. అనగా మన ఇంటి కుండ నిండడము ఎక్కడో కొండలలో తిరిగే యంత్రములమీద ఆధారపడి ఉన్నదన్నమాట. ఒకే తలుపు ఉన్న ఇంటికి ఆ తలుపు బిగుసుకుంటే దారి ఉండదు. కోనసీమకు రెండవ తలుపు కావలెను.

నేలలోని నీరు ఆ రెండవ తలుపు కాదా అని అడుగవచ్చును. కొంతవరకు అవును, కాని అది ఎంత సున్నితమైనదో తెలిసికొని వాడుకోవలెను. సముద్రతీరపు ఇసుక నేలలలో మంచినీరు, ఉప్పునీరు ఒకదానిపై ఒకటి ఉంటవి. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. నూనె నీటిపై తేలినట్లు, వాన వలన నేలలో దిగిన మంచినీరు ఉప్పునీటిపై పలుచని కటకమువలె తేలుతూ ఉంటుంది. హాలండు దేశపు ఇంజనీరు ఘైబెన్, ఆ తరువాత 1901లో జర్మనీ దేశపు హెర్జ్‌బెర్గ్ దీనికి ఒక లెక్క చెప్పినారు. సముద్రమట్టమునకు పైన ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిచి ఉంటే, ఆ మట్టమునకు దిగువన సుమారు నలభై అడుగుల వరకు మంచినీరు ఉప్పునీటిని అణచి ఉంచగలదు. ఈ లెక్కను తిరగవేసి చూడండి. మోటారు పెట్టి తోడి, పైనున్న మంచినీటిని ఒక అడుగు దించితే, క్రిందనున్న ఉప్పునీరు కాలక్రమమున నలభై అడుగులు పైకి రాగలదు. పైన ఒకటి పోతే క్రింద నలభై పోతున్నవి!

డెల్టాలో బంకమట్టి పొరలు అడ్డు ఉండడము వలన ఈ లెక్క అన్నిచోట్ల ఒకే తీరుగా నడవదు. పూర్వము సముద్రము వెనుకకు జరిగినప్పుడు చిక్కుబడిన ఉప్పునీరే కొన్నిచోట్ల నేల అడుగున ఉన్నది. కాని నీతి ఒకటే. తీరప్రాంతములో బోరు లోతు పెంచినకొద్దీ మంచినీరు దొరుకుతుందనుకోవడము భ్రమ. లోతు పెంచినకొద్దీ ఉప్పు దగ్గరవుతుంది. ఒకసారి ఉప్పెక్కిన నేల మరల మంచినీటి నేల కావడానికి ఎన్నో వర్షాకాలములు పడుతుంది. ఉప్పునీటి రొయ్యల చెరువులు పంటకాలువల ప్రక్కకు వచ్చినచోట ఈ ప్రమాదము పైనుండి కూడా మొదలవుతుంది. చెరువు గట్టు కట్టినవానికి లాభము, ఊటనుయ్యి ఉన్న పొరుగువానికి నష్టము. ఇది ఇద్దరి నడుమ తగాదాగా ఉండిపోరాదు. ఊరంతా కలిసి తీర్చవలసిన విషయము.

ఇక మూడవ ఆధారము ఆకాశము. దీనిని మనము లెక్కలోనికే తీసికొనలేదు. కోనసీమలో ఏటా సగటున వెయ్యి మిల్లీమీటర్లకు పైగానే వాన పడుతుంది. నైరృతి ఋతుపవనము అధికభాగము ఇస్తుంది. ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్య ఋతుపవనము, వాయుగుండములు మిగిలినది ఇస్తవి. ఒక చదరపు మీటరు కప్పుపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. వంద చదరపు మీటర్ల కప్పు గల ఇంటిమీద వెయ్యి మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్లు. తడిసిపోయేది, చిమ్మిపోయేది అయిదవ వంతు తీసివేసినా ఎనభై వేల లీటర్లు మిగులుతవి.

ఇప్పుడు ఖర్చు చూడండి. అయిదుగురు గల కుటుంబమునకు త్రాగడానికి, వంటకు మనిషికి రోజుకు ఎనిమిది లీటర్ల చొప్పున నలభై లీటర్లు చాలును. ఫాల్గుణము నుండి జ్యేష్ఠము వరకు నూట ఇరవై రోజులకు నాలుగువేల ఎనిమిది వందల లీటర్లు. ఇంటి కప్పు ఇచ్చే ఎనభై వేలలో ఇది పదహారవ వంతు మాత్రమే. స్నానమునకు, బట్టలకు, పశువులకు నూతినీరు వాడుకోవచ్చును. త్రాగే నీటికి, వంటకు మాత్రము ఎవరినీ యాచించనక్కరలేదు. ఆరడుగుల వ్యాసము, ఆరున్నర అడుగుల ఎత్తు గల తొట్టి ఒకటి ఉంటే అయిదువేల లీటర్లు పడుతుంది. సిమెంటు వరలు పోసే పనివారు ప్రతి పెద్ద ఊరిలోనూ ఉన్నారు.

ఇది మనకు క్రొత్త విద్య కాదు. గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళను చూసినవారికి ఈ సంగతి గుర్తుండే ఉంటుంది. నాలుగు ప్రక్కల పెంకుటికప్పు లోపలికి వాలి, వాననీరు అంతా నడిమి మండువాలో పడుతుంది. చూరు క్రింద గంగాళములు, కాగులు పెట్టి ఆ నీటిని పట్టేవారు. చూరునీటితో పప్పు మెత్తగా ఉడుకుతుందని, తలంటికి కుంకుడు రసము బాగా నురగ వస్తుందని గృహిణులకు తెలుసును. వాననీటిలో సున్నపు లవణములు లేకపోవడమే ఇందుకు కారణము. కుళాయి వచ్చిన తరువాత ఆ గంగాళములు అటకెక్కినవి. మండువాలు మూసి డాబాలు వేసినారు. డాబా నీరు గొట్టము గుండా వీధిలోనికి పోతున్నది. వీధి నీరు మురుగులోనికి, మురుగు నీరు సముద్రములోనికి పోతున్నది.

దీనిని ఎట్లు పట్టవలెనో క్లుప్తముగా చెప్పుతాము. వర్షాకాలమునకు ముందు కప్పుమీద కొబ్బరి మట్టలు, ఆకులు, పక్షుల రెట్టలు లేకుండా ఊడ్చి కడుగవలెను. చూరు వెంట రేకు దోనె గాని, నిలువున చీల్చిన గొట్టము గాని అమర్చవలెను. తొలకరి వానలు రెండు మూడు కప్పును కడిగే వానలు. ఆ నీటిని తొట్టిలోనికి పోనీయరాదు. ప్రతి వానకు మొదటి కొన్ని నిముషముల నీటిని కూడా ప్రక్కకు మళ్ళించవలెను. తరువాతి నీటిని గులకరాళ్ళు, బొగ్గు, ఇసుక వరుసగా పరచిన చిన్న తొట్టి గుండా వడగట్టి పెద్ద తొట్టిలోనికి విడువవలెను. పెద్ద తొట్టికి గట్టి మూత, గొట్టము నోటికి సన్నని వల తప్పనిసరి. వెలుతురు పోతే పాచి పట్టదు. వల ఉంటే దోమ పిల్లలు పెట్టదు. త్రాగే ముందు కాచి చల్లార్చుకోవడము క్షేమము. తాటాకు ఇంటి కప్పు నీరు రంగు తిరుగుతుంది. దానిని త్రాగడానికి కాక ఇతరమునకు వాడుకోవలెను.

కోనసీమకు ప్రత్యేకముగా ఒక జాగ్రత్త చెప్పవలెను. తొట్టిని నేలలో పాతరాదు. వర్షాకాలములో ఇక్కడ నేలనీరు దాదాపు పైకి వస్తుంది. పాతిన తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు చుట్టూ ఉన్న నీరు దానిని పడవవలె పైకి నెట్టి పగులగొట్టగలదు. వరద వచ్చినప్పుడు మురుగు లోపలికి చేరుతుంది. అరుగుమీద, గత సంవత్సరముల వరద మట్టమునకు పైన తొట్టి కట్టుకొనవలెను. 2022 జూలై వరదలో ధవళేశ్వరము వద్ద ఇరవై అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగి లంకగ్రామములు మునిగినప్పుడు, చుట్టూ నీరున్న జనమునకు పడవలలో త్రాగే నీరు తీసికొనిపోవలసి వచ్చినది. అరుగుమీద మూత గల తొట్టి ఉన్న ఇంటికి ఆ కష్టము సగము తగ్గుతుంది.

ఇంకుడు గుంటల విషయములో కూడా ఇట్టి వివేకము అవసరము. 2000 సంవత్సరములో నీరు–మీరు కార్యక్రమము వచ్చినప్పుడు రాష్ట్రమంతటా ఇంకుడు గుంటలు త్రవ్వినారు. రాయలసీమకు, తెలంగాణకు అది తగిన వైద్యము. కోనసీమ నల్లబంక నేలలో భాద్రపదమాసమున గుంట త్రవ్వితే అది నీటిని ఇంకించదు. తానే నిండి కూర్చుంటుంది. అయితే తీరము వెంట ఉన్న ఇసుక మెరకలు వేరు. అవి వాననీటిని గ్రుక్కలు గ్రుక్కలుగా త్రాగి, ఉప్పునీటిపై మంచినీటి కటకమును నిలుపుతవి. ఆ మెరకలలో గుంటలు త్రవ్వితే ప్రయోజనము ఉన్నది. అంతకన్న ముందు ఆ మెరకల ఇసుక త్రవ్వి అమ్ముకొనకుండా ఉండడము ముఖ్యము. రోగిని చూడక మందు ఇచ్చే వైద్యుని వంటిది నేలను చూడక చేసే పథకము.

ఇల్లు దాటి ఊరికి వద్దాము. ఒక ఎకరము చెరువులో ఒక అడుగు లోతు నీరు అంటే సుమారు పన్నెండు లక్షల లీటర్లు. రెండువేల జనాభా గల ఊరికి మనిషికి నలభై లీటర్ల చొప్పున అరవై రోజులకు నలభై ఎనిమిది లక్షల లీటర్లు కావలెను. వేసవిలో ఎండకు రోజుకు అయిదారు మిల్లీమీటర్లు ఆవిరి అవుతుంది. అరవై రోజులకు దాదాపు ఒక అడుగు. ఈ రెండూ కలిపి చూస్తే, రెండెకరాల మంచినీటి చెరువులో మూడడుగుల నీరు ఉంటే గట్టెక్కవచ్చును. నాలుగు అడుగులుంటే నిశ్చింత. కాని చెరువులో అడుగు మేర పూడిక ఉన్నదంటే, గుడ్డిగవ్వ ఖర్చు లేకుండా ఇరవై నాలుగు లక్షల లీటర్లు ఊరు పోగొట్టుకొన్నదన్నమాట. చెరువు పూడిక తీయడము, గట్టు నిలుపుకోవడము, పశువులను, బట్టల ఉతుకును వేరే గుంటకు మళ్ళించడము, గట్టుప్రక్క మురుగు కలియకుండా చూడడము, ఇవన్నీ పెద్ద పథకములు కావు. కాని ఇవి లేక పెద్ద పథకములు కూడా నిలువవు. కుళాయి ఇంటికి తెచ్చినంత మాత్రమున నీరు పుట్టదు. కుళాయికి తల్లి చెరువే.

ఇక్కడ కొందరు రైతులు ఒక ప్రశ్న వేస్తారు. ‘మాకు సార్వాలో నీరు నిలిచి నారు కుళ్ళిపోతుంటే, మీరు నీరు నిలుపమంటారా?’ ఇది న్యాయమైన ప్రశ్న. 2011లో కోనసీమ రైతులు వేలాది ఎకరాలలో సార్వా సాగు మానివేసి పంటవిరామము ప్రకటించినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయినది. గిట్టుబాటు ధర, కూలి ఖర్చు అందుకు కారణములే. ముంపు కూడా ఒక కారణమే. పురాణములు సప్తగోదావరులలో ఒకటిగా చెప్పిన కౌశిక పేరు నేడు కోనసీమలో ఒక మురుగు కాలువకు ఉన్నది. అటువంటి కాలువలు పూడిపోయి, గుర్రపుడెక్క అల్లుకొని, గట్లు ఆక్రమణపాలై, సముద్రపు మొగ వద్ద ఇసుక మేటలు వేసినప్పుడు వాననీరు పొలము వదలి పోదు. పోటు సమయములో ఉప్పునీరు ఆ దారినే వెనుకకు వస్తుంది.

కాబట్టి నీరు పంపివేయడము, నీరు నిలుపుకోవడము పరస్పర విరుద్ధములు కావు. అవి రెండు చేతులు. కప్పుమీద పడిన నీటిని తొట్టిలో, చెరువులో పడిన నీటిని చెరువులో నిలిపితే మురుగు కాలువకు ఆ మేరకు బరువు తగ్గుతుంది. మురుగు కాలువ సాగితే పొలము ఆరుతుంది, మొగ వద్ద తలుపులు సరిగా పడితే ఉప్పు రాదు, ఉప్పు రాకపోతే నూతినీరు మంచిదవుతుంది. చూరు, చెరువు, మురుగు కాలువ ఈ మూడింటిని ముగ్గురు అధికారులకు పంచి మూడు కాగితములమీద వ్రాసినంతకాలము ఫలితము ఉండదు. మూడూ ఒకే పద్దులో వ్రాయవలెను.

చట్టములు లేకపోలేదు. 1997 నాటి చట్టము సాగునీటి నిర్వహణలో రైతులకు నీటి వినియోగదారుల సంఘముల ద్వారా చోటిచ్చినది. 2002లో వచ్చిన జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము బోర్ల తవ్వకమును అదుపు చేయడానికి, వాననీటి నిలువకు ఏర్పాట్లు చేయించడానికి అధికారమిచ్చినది. 2022 ఏప్రిల్ నుండి కోనసీమ ప్రత్యేక జిల్లా అయి, అమలాపురము జిల్లా కేంద్రమైనది. చూరు, చెరువు, మురుగు కాలువ మూడింటి లెక్క ఒకేచోట కూర్చుండి చూడడానికి ఇది మంచి అవకాశము. అట్లాంటికు సముద్రములో బెర్ముడా అనే చిన్న ద్వీపము ఉన్నది. అక్కడ నది లేదు. ప్రతి ఇంటి తెల్లని సున్నపుకప్పు వాననీటిని పట్టి తొట్టికి చేర్చవలెనని చట్టమే ఉన్నది. శతాబ్దముల తరబడి అక్కడి జనము ఆ నీటితోనే బ్రతికినారు. నది లేనివారు చేయగలిగినది, గోదావరి ఉన్నవారు చేయలేరా?

మొదట ప్రభుత్వ భవనములు దారి చూపవలెను. పాఠశాల కప్పు పెద్దది. వేసవి సెలవులకు ముందు రెండు నెలలు పిల్లలకు త్రాగే నీరు ఆ కప్పే ఇవ్వగలదు. పంచాయతీ కార్యాలయము, ఆసుపత్రి, గుడి మంటపము, కల్యాణమంటపము తరువాత రావచ్చును. క్రొత్త ఇంటికి అనుమతి ఇచ్చేటప్పుడు తొట్టి చోటు పటములో చూపించమని అడుగవచ్చును. కాలువలు కట్టే తేదీని ముందుగా చాటించి, చివరి ఊరి చెరువు నిండినదని ఆ ఊరి పెద్దలు సంతకము చేసిన తరువాతనే తలుపులు దించే పద్ధతి పెట్టవచ్చును. వీటిలో ఏ ఒక్కదానికీ విదేశముల నుండి యంత్రము తెప్పించనక్కరలేదు.

శ్రోతలను కోరేది ఇంతే. రాబోయే గ్రామసభలో మూడు ప్రశ్నలు అడగండి. మన మంచినీటి చెరువు లోతు నేడు ఎంత? మన ఊరి మురుగు ఏ కాలువలో పడి, ఏ మొగ వద్ద సముద్రములో కలుస్తున్నది, ఆ దారి తెరిచి ఉన్నదా? మన బడి కప్పు నీరు ఎక్కడికి పోతున్నది? ఈ మూడింటికి సమాధానము చెప్పగల ఊరికి దాహము భయము ఉండదు. ఇంటివద్ద మాత్రము ఎవరినీ అడుగనక్కరలేదు. తొలకరి రాకముందే చూరుకు ఒక దోనె, అరుగుమీద ఒక తొట్టి అమర్చుకోండి. కాటన్ దొర తెచ్చిన నీటికి మనము నేటికీ నమస్కరిస్తున్నాము. మన ఇంటి కప్పుమీదికి అడుగకుండానే వచ్చే నీటికి కూడా ఒక కాగు పెట్టి స్వాగతము చెప్పడము మన ధర్మము.